సున్నం కొట్టిన తొట్టి

మా తోడికోడలు ఊటీ బయల్దేరే ముందు రోజు మేడ దిగి నా కుట్టు గదిలోకి వచ్చింది. ఆవిడ ఆ గదిలో అడుగు పెట్టిందంటే నాతో ఏదో పని పడిందన్నమాటే. కూర్చోమంటే కూర్చోలేదు. మిషను మీదున్న జాకెట్టు ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి, "ఎవరిదే ఇది, ఇంత లావు మనిషి?" అంది. ఆ లావు మనిషి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునే ఉంది. ఆవిడ మళ్ళీ నా దగ్గరికి జాకెట్టు కుట్టించుకోవడానికి రాలేదు.

ముందు ఆ గది గురించి చెప్పాలి. నరసరావుపేటలో మేముండే ఇల్లు మా బావగారిది. పైన వాళ్ళు, కింద మేము. మా ఆయన అన్నగారి మిర్చి వ్యాపారంలోనే పనిచేస్తాడు. ఇల్లూ వాళ్ళదే, తినే కూడూ వాళ్ళదే అని మా అక్క గుర్తుచేయని రోజు లేదు. తోడికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. పెళ్ళయి వచ్చిన రోజే అలవాటైన పిలుపు, తర్వాత మానడానికి వీలు పడలేదు.

కింది వాటాలో రోడ్డు వైపు గది ఒక్కటే నాది అనుకునేదాన్ని. అందులో నా మిషను, కటింగు బల్ల, గోడకి అడ్డంగా కట్టిన తీగ మీద వరసగా జాకెట్లు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆడవాళ్ళు మెట్ల మీద కూడా కూర్చునేవాళ్ళు. లోపలి గదులకి వెలుతురు లేదు, దారీ లేదు. రోడ్డు మీదికి కనపడని టైలరు దగ్గరికి ఎవరొస్తారు? ఆ గదిని సెల్‌ఫోన్ల షాపుకి అద్దెకిద్దామని బావగారు వేసవి మొదట్నుంచీ అంటున్నారు. నేను రోజూ భయంతోనే తలుపు తీస్తున్నాను.

"మేం వచ్చేదాకా నా తాబేళ్ళని జాగ్రత్తగా చూసుకో. ఈ గది సంగతి మీ బావగారితో నేను మాట్లాడతాలే. నేను వద్దంటే ఆయన ఎవరికీ ఇయ్యడు," అంది అక్క.

నేను వెంటనే తలూపాను. గది కోసమైతే మొసళ్ళని అప్పజెప్పినా తలూపేదాన్నే.

తాబేళ్ళు రెండు. చెంపల మీద ఎర్ర చార ఉండే రకం, గుంటూరులో చేపల తొట్లు అమ్మే షాపులో కొన్నారు. కొన్నప్పుడు రూపాయి బిళ్ళంత ఉండేవి, ఇప్పుడు అరచేతికి మించాయి. ఇంటికి ఉత్తరం వైపు నీళ్ళలో ప్రాణమున్న తాబేలు తిరగాలని వాస్తు చెప్పే ఆయన అన్నాడట. పై వరండాలో ఉత్తరం గోడకి ఆనించి సిమెంటు తొట్టి కట్టించి, వీటిని తెచ్చి వదిలారు. ఏడాది తిరక్కుండానే బావగారికి పార్టీలో పదవి వచ్చింది. దానికోసం ఆయన అంతకుముందు ఎన్నేళ్ళు జెండా మోశాడో, క్రోసూరు నుంచి మాచర్ల దాకా ఎన్ని పెళ్ళిళ్ళకీ ఎన్ని చావులకీ తిరిగాడో ఎవరికీ గుర్తులేదు. పుణ్యమంతా తాబేళ్ళకే దక్కింది.

మా వైపు చాలామందికి తాబేలంటే గిట్టదు. అది ఇంట్లోకి వస్తే ఇంటికి చేటని నమ్మకం. ఇల్లు తుడిచే ఆవిడ వరండాలో తొట్టికి నాలుగడుగుల దూరంలోనే చీపురు ఆపేసేది. "పనిలోంచి తీసేసినా సరే, వాటిని మాత్రం నేను ముట్టనమ్మా," అని తెగేసి చెప్పింది. శావల్యాపురంలో అక్క తమ్ముడి ఇంట్లో దింపుదామంటే, ఆ తమ్ముడి భార్య ఫోన్లోనే, "మా గడప తొక్కనియ్యను వదినా, ఏమీ అనుకోమాక," అంది. ఎదురింటి పిన్నిగారికి సరిగ్గా ఆ రోజే మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. చివరికి మిగిలింది నేను. మిగతా వాళ్ళనందరినీ అడిగారు, నాకు మాత్రం చెప్పారు.

వాటి మీద నాకు ప్రేమా లేదు, అసహ్యమూ లేదు. మొదటి పూటే పెద్దది మేతతో పాటు నా వేలు పట్టుకుంది. వదిలించుకునేసరికి గోరు పక్కన చర్మం లేచింది. "నీకు కూడా నేనే దొరికానా?" అని దాన్ని తిట్టి, ఇంకో నాలుగు ఎండు రొయ్యలు వేశాను. ఎవరూ లేని మేడ మీద తిట్టుకోవడానికి అదొక తోడు. అక్కని అనలేని మాటలన్నీ దాన్నే అన్నాను. అది మెడ చాపి శ్రద్ధగా వినేది.

ఆ ఏకాంతం కూడా ఉత్తదేనని మర్నాడు తెలిసింది. తొట్టికి ఎదురుగా గోడ మీద ఒక కెమెరా ఉంది. దొంగల కోసం పెట్టించారనుకున్నాను. అందులోంచి మాట్లాడొచ్చని నాకు తెలియదు. నేను మేత వేస్తుంటే గోడలోంచి, "ఏమే, అట్టా గుప్పెడు గుప్పెడు పోస్తన్నావేంది, నీ అబ్బ సొమ్మా?" అని అక్క అరుపు వినిపించింది. గుండె జారి, చేతిలో డబ్బా జారి, సగం మేత నీళ్ళపాలైంది. ఊటీలో ఎవరెవరో పడీపడీ నవ్వారు.

అప్పట్నుంచి ఆ గోడ నన్ను వదల్లేదు. చీర ఎత్తి దోపుకుంటే, "కిందికి దించవే, ఇక్కడ పెద్దోళ్ళు చూస్తన్నారు," అనేది. ఎండకి తాళలేక మెట్టు మీద కాసేపు కూర్చుంటే, "పని తెమిలిందా, కూలబడ్డావు?" అనేది. వాళ్ళు అక్కడ స్వెట్టర్లు వేసుకున్నారని కూడా ఆ గోడే చెప్పింది. ఇక్కడ వరండా గచ్చు మీద కాలు పెడితే అంటుకుపోతోంది.

ఊటీకి వాళ్ళు ఒక్కళ్ళే వెళ్ళలేదు. బావగారికి పదవి ఇప్పించిన పెద్దాయన కుటుంబంతో కలిసి వెళ్ళారు. ఆ పెద్దాయన భార్యని అందరూ మేడంగారు అంటారు. ఆవిడ మెప్పు కోసం అక్క ఎంత పాకులాడేదో నాకు తెలుసు. ఆ ప్రయాణానికి అక్క తీసుకెళ్ళిన జాకెట్లన్నీ నేనే కుట్టాను, మేడంగారి జాకెట్ల ఫోటోలు చూసి అచ్చం అలాగే. ఒకరోజు నేను తొట్టిలో నీళ్ళు మారుస్తుంటే గోడలోంచి కొత్త గొంతు వినిపించింది.

"ఎవరు, మీ పనమ్మాయా? నెమ్మదస్తురాల్లాగుందే!"

నేను బక్కెటు కింద పెట్టి కెమెరా వైపు చూశాను. అక్క చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని ఎదురుచూశాను.

"ఆ, చెప్పింది చేసుద్ది మేడం," అంది అక్క.

తోడికోడలు అని ఒక్క మాట. అంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? మధ్యాహ్నం మా ఆయనకి చెప్పి ఏడిస్తే, అన్నం కలుపుతూనే విన్నాడు. "పోనీలేవే, గది నిలబడుద్ది కదా," అన్నాడు. ఆయన మీద నాకు వచ్చినంత కోపం అక్క మీద కూడా రాలేదు. అయినా కూర వడ్డించాను.

నరసరావుపేట ఎండకి తొట్టిలో నీళ్ళు ఇట్టే పచ్చబడతాయి. ఎన్నిసార్లు మార్చినా గోడలకి నాచు. ఒక మధ్యాహ్నం గోడలోంచి అక్క పిలిచింది. గొంతులో ఎప్పుడూ లేని తొందర.

"మేడంగారు తాబేళ్ళని చూడాలంటన్నారే. వాళ్ళు కూడా ఒక జత పెంచుకుంటారంట. ఆ నీళ్ళేంది, మురుగ్గుంటలాగా? అసలవి కనపడనే కనపడవు. నా పరువు తీస్తన్నావు. తొట్టి రుద్ది కడిగి సున్నం కొట్టు."

ఆ మాటలో నాకు వింతేమీ కనపడలేదు. మా వైపు గేదెలు నీళ్ళు తాగే తొట్టికి నాచు పట్టకుండా సున్నం కొట్టడం ఇంటింటా ఉన్న పద్ధతే. అక్క శావల్యాపురంలో కొట్టింది, నేను రాజుపాలెం దగ్గర మా పుట్టింట్లో కొట్టాను. పీచుతో రుద్దడం, సున్నం పట్టించడం, ఆరనివ్వడం, మర్నాడు నీళ్ళు నింపి పారబోసి మళ్ళీ నింపడం. అదంతా అయితేగానీ గొడ్డుని తొట్టి దగ్గరికి రానివ్వరు. గేదెకి మంచిదైన సున్నం తాబేలుకి కీడు చేస్తుందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. గేదె తాగి తన దారిన పోతుంది. తాబేలు ఆ నీళ్ళలోనే కళ్ళు తెరుచుకుని బతకాలి. ఇప్పుడు రాస్తుంటే ఎంత తేలిగ్గా తోస్తోందో.

ఉగాదికి ప్రహరీగోడకి కొట్టగా మిగిలిన పిడుగురాళ్ళ సున్నం మెట్ల కింద మూటలో ఉంది. తాబేళ్ళని బక్కెట్లో వేసి, తొట్టి ఖాళీ చేసి, నడుము పడిపోయేలా రుద్దాను. సున్నం కలిపి రెండుసార్లు పట్టించాను. తొట్టి మల్లెపూవులా తెల్లబడింది. చేసిన పని చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

"ఇంక ఆరనిచ్చి రేపు నింపుతానక్కా," అన్నాను కెమెరాతో.

"రేపేంది? మేడంగారు ఇప్పుడు కూర్చున్నారు. ఒకసారి కడిగేసి నింపు."

"ఇంకా పచ్చిగానే ఉందక్కా. చెయ్యి పెడితే చురచురమంటంది."

"తొట్లకి సున్నం కొట్టడం నువ్వు నాకు నేర్పుతావా? మా ఇంట్లో ఎన్ని గొడ్లుండేయో తెలుసా నీకు? నింపు. గది మాట గుర్తుంది కదా?"

గుర్తుంది. ఒకసారి కడిగి, నీళ్ళు నింపి, రెండిటినీ వదిలాను.

తెల్లటి తొట్టిలో ఆకుపచ్చ డిప్పలు నిజంగానే అందంగా కనపడ్డాయి. ఊటీలో ఆహా ఓహో అన్నారు. రెండూ అడుగుకి పోయి కాసేపు మెదలలేదు. తర్వాత పెద్దది దిగ్గున పైకి వచ్చి, నేను వేసి ఉంచిన నాపరాయి ముక్క మీదికి ఎక్కింది. ముందుకాళ్ళు రెండూ ఎత్తి మొహానికి ఆనించుకుంది. దించి మళ్ళీ ఎత్తింది. చిన్నది కూడా దాని పక్కకి చేరి అలాగే చేసింది.

"అయ్యో, నమస్కారం పెడతన్నాయే!" అంది మేడంగారు.

"మీకే మేడం, మీకే పెడతన్నాయి!" అంది అక్క. సంతోషంతో ఆవిడ గొంతు సన్నబడింది. "మనుషుల్ని గుర్తుపడతాయి మేడం, చానా తెలివైనయ్యి."

అక్క ఫోన్లో కనపడే బొమ్మని మేడంగారు తన ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టింది. అక్కడున్నవాళ్ళంతా చేరి మళ్ళీ పెట్టించమన్నారు. పెట్టించాల్సిన అవసరమేమీ లేకపోయింది. రెండూ ఆపకుండా పెడుతూనే ఉన్నాయి. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను కాబట్టి నాకు కనపడింది. అవి గోళ్ళతో కళ్ళు రుద్దుకుంటున్నాయి. పెద్దదాని రెప్పలు అప్పటికే ఎర్రగా ఉబ్బాయి. నోరు తెరుస్తోంది, మూస్తోంది. శబ్దం మాత్రం రావడంలేదు.

"అక్కా, వీటికి కళ్ళు మండుతున్నట్టున్నాయి. తీసేస్తాను," అన్నాను.

"ఉండవే, వీడియో అవనీ. నవ్వుతా ఉండు, ఏడుపు మొహం కనపడతంది."

నేను నవ్వాను.

వీడియో అయ్యాక రెండిటినీ తీసి పంపు కింద పెట్టబోతే, పై ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు కాగి ఉన్నాయి. కిందికి పరిగెత్తి తాగే నీళ్ళ క్యాను మోసుకొచ్చి కడిగాను. తొట్టి ఖాళీ చేసి, మళ్ళీ మళ్ళీ కడిగాను. సాయంత్రానికి నాలుగు కళ్ళూ మూసుకుపోయాయి. మర్నాడు రెప్పల మధ్య తెల్లటి పొర కట్టింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, పాపం ఆయన విసుక్కోకుండా చూసి కళ్ళలో వేసే మందు రాసిచ్చాడు. ఆశ పెట్టుకోమాకమ్మా అని కూడా అన్నాడు. అక్కకి ఫోను చేసి చెప్పాను. "రెండ్రోజుల్లో తగ్గుద్దిలే. మేడంగారి ముందు ఈ ఏడుపులు ఏడవమాక," అంది. ఆ వీడియో మేడంగారి చుట్టాలందరికీ నచ్చిందట.

కనపడకపోతే తాబేలు మేత ముట్టదు. రొయ్యని మూతికి తగిలించినా మెడ లోపలికి లాక్కునేది. నా వేలు కొరికిన పెద్దది ఇప్పుడు నా వేలంటేనే భయపడింది. ప్రేమ లేదన్నాను కదా, అయినా అది చూశాక నాకు ముద్ద దిగలేదు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. వాటి కళ్ళ మీద జాలి కన్నా గది పోతుందన్న భయమే నన్ను ఎక్కువ తిన్నది. దేవుడా, వాళ్ళొచ్చేలోపు కళ్ళు తెరిపించు అని దండం పెట్టుకున్నప్పుడు నా మనసులో మెదిలింది రోడ్డు వైపు తలుపే.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున చిన్నది చచ్చిపోయింది.

అక్క వరండాలోకి వచ్చి తొట్టి చూసి పెట్టిన కేక వీధి చివరికి వినపడింది. బావగారు సూట్‌కేసు కూడా దించకుండా నిలబడిపోయారు. పార్టీలో ఆ పదవి మార్చే మాటలు నడుస్తున్న రోజులవి.

తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడ్డం మా బావగారి పద్ధతి కాదు. నేను ఎదురుగా ఉన్నా మాట మా ఆయనకే చెప్తారు. దాన్ని మర్యాద అంటారు.

"ఒరేయ్, సున్నం ఎవరు కొట్టమన్నారో మీ ఆవిణ్ణి అడుగు."

మా ఆయన నా వైపు తిరిగాడు. "అక్కే చెప్పింది," అన్నాను.

"నేనా?" అంది అక్క గుండెల మీద చెయ్యేసుకుని. "నోరులేని జీవాలున్న తొట్టికి సున్నం కొట్టమంటానా? నాకేమన్నా పిచ్చా? చూశారా, ఎంత మాటంటందో!"

"మేడంగారు తీసిన వీడియో ఉందిగా అక్కా. ఆ తెల్ల తొట్టిని చూస్తూ నువ్వన్న మాటలు అందులో ఉంటాయి," అన్నాను. అది నా దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం. దాన్ని బయటపెట్టినప్పుడు గది దక్కిందనే అనుకున్నాను.

బావగారు తన ఫోనుకి వచ్చిన ఆ వీడియో తీసి చూశారు. నలుగురం ఆ చిన్న తెర మీదికి వంగాం. తెల్లటి తొట్టి, రాయి మీద రెండు తాబేళ్ళు, నమస్కారాలు, నవ్వులు. కళ్ళు మండుతున్నట్టున్నాయని నా గొంతు. వీడియో అవనీ, నవ్వుతా ఉండు అని అక్క గొంతు. అంతా స్పష్టంగా ఉంది. నాకు ఊపిరి తిరిగింది. ఇంతలో బావగారు వేలు పెట్టి వీడియో ఆపారు. తెర మీద తొట్టి పక్కన నేను. పళ్ళన్నీ కనపడేలా ఉన్నాను.

"చూడరా," అన్నారు మా ఆయనతో. "అయ్యి చస్తంటే మీ ఆవిడ ఎట్టా నవ్వతందో."

నవ్వమన్న మాట అందరం విన్నాం. మా ఆయనా విన్నాడు. నోరు తెరుస్తాడేమోనని చూశాను. ఆయన తెర వైపు, నా వైపు, మళ్ళీ తెర వైపు చూసి, "తప్పేనన్నయ్యా," అన్నాడు. అక్క నాకన్నా ముందు కళ్ళు తుడుచుకుంది.

పెద్దది ఇంకా బతికే ఉంది. గుడ్డి తాబేలు ఇంట్లో ఉంటే అరిష్టమని, దాన్ని సాగర్ కాలవలో వదిలి రమ్మని అక్క మా ఆయనకి చెప్పింది.

"కాలవ కట్టేశారుగా వదినా, నీళ్ళు లేవు," అన్నాడాయన.

"వస్తాయిలే," అంది.

ఆయన దాన్ని గుడ్డసంచిలో వేసి బండికి తగిలించుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి, తూము కింద కాస్త మడుగుంది, అందులో వదిలాను అన్నాడు. నేను ఎప్పుడూ ఆ మడుగు చూడ్డానికి వెళ్ళలేదు. ఆయన కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వారం తిరక్కుండా గుంటూరు నుంచి కొత్త జత వచ్చింది. బావగారు ఆ రోజే గది ఖాళీ చేయమన్నారు, మా ఆయన ద్వారా. మిషనుని లోపలి చీకటి గదిలోకి ఈడ్చాం. షాపు అతను దిగేలోపు గది శుభ్రంగా ఉండాలని అక్క సున్నం పనివాళ్ళని పిలిపించింది. మెట్ల కింద మూటలో మిగిలిందే వాడమంది, పారేయడమెందుకని.

తీగ మీద రెండు జాకెట్లు మర్చిపోయానని గుర్తొచ్చి, వాళ్ళు పైకప్పుకి సున్నం కొడుతుండగానే లోపలికి వెళ్ళాను. తీగ అందుకుందామని తల ఎత్తేసరికి పైనుంచి చుక్కలు తిన్నగా నా రెండు కళ్ళలో పడ్డాయి. నిప్పులు పోసినట్టయింది. జాకెట్లు కింద పడేసి, రెండు చేతులూ మొహానికి ఆనించుకుని, తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చాను. ఎదురుగా ఎవరో ఉన్నారని మసకగా తెలిసింది.

"నమస్తే అమ్మా, నమస్తే. షాపు మాదేనండి," అన్నాడు అతను మర్యాదగా.

పై వరండాలోంచి అక్క వంగి చూస్తున్నట్టుంది. "మా తోడికోడలండీ," అంది అతనితో.

అక్క ఆ మాట అనగా వినడం నాకు అదే మొదలు. నేను కళ్ళు రుద్దుకుంటూనే ఉన్నాను.